కండ కోసం శ్రమల దినాలు

29 జనవరి 1956, ఆదివారం

ఏసేపు నోరు పడిపోవాలి. ఇది ప్రార్థన కాదు. ప్రార్థనగా రాస్తే పాపమవుతుంది గనుక ఊరికే రాస్తున్నాను.

ఈ రోజు ప్రసంగం గుండు మీద. గుడి గోడ పక్కన పడి ఉన్న ఆ నల్లరాతి గుండును ఏటా ఈస్టరు సోమవారం నాడు మా మాలపేట పిల్లలూ, వాగు కింది మాదిగపేట పిల్లలూ పోటీపడి భుజానికెత్తుతారు. ఎత్తినవాణ్ణి దండ వేసి ఊరేగిస్తారు. యేసు సమాధి మీది రాయి దొర్లిన దానికి గుర్తట. ఇది క్రైస్తవుల పనేనా అని అడిగాను. ఆ రాయిని దొర్లించింది దేవదూత గానీ మీ తొడకండ కాదన్నాను. శరీరం గడ్డి, పొద్దున మొలిచి సాయంత్రానికి వాడిపోయేది అన్నాను. అంత బలం గల సంసోను చివరికి తిరగలి తిప్పాడన్నాను. బాగా చెప్పాను. నా గొంతు పత్తికొండ సంత దాకా వినిపించి ఉంటుంది.

ఏసేపు లేచాడు. కింది పేట పెద్ద గదా, గుడి మధ్యలో లేచి మాట్లాడే హక్కు తనకు మోషే ఇచ్చిపోయాడనుకుంటాడు.

“ఏమప్పా ఆనందం, సంసోను సంగతి సరే. ఆ కతల్లోనే ఇంగొకడు ఉండాడు గదా, ఎగ్లోను రాజు. వాని సంగతి ఎప్పుడు చెప్తావు?”

గుడి పగలబడి నవ్వింది. ఎగ్లోను మోయాబు రాజు, బహు లావుపాటివాడు. పొట్టలో పొడిచిన కత్తి పిడితో సహా కొవ్వులో మునిగిపోయింది, మళ్లీ బయటికి రాలేదు. ఈ కథ వాళ్లకు చెప్పింది నేను. అక్షరం రాని ఏసేపుకు కంఠతా వచ్చేదాకా, ఏడాది తరువాత ఏడాది చెప్పింది నేను.

జీవమ్మ కూడా నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఊగాయి. నా భార్య!

అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. ఈస్టరు సోమవారం నాడు, పాస్టరయ్యగారు వచ్చినప్పుడు, ఆయన ఎదుటే ఈ గుండు నా భుజం మీదికి ఎక్కాలి. ఎక్కకపోతే నేను ఈ పీఠం ఎక్కను, ఇంకెవరినైనా చూసుకోండి అన్నాను.

గుండెత్తడం తప్పని అదే నోటితో చెప్పి అరగంట కాలేదు. ఎవరూ గమనించినట్టు లేదు.

30 జనవరి

పొద్దున్నే ఎవరూ లేని వేళ చూసి గుండు దగ్గరికి పోయాను. వంగాను. గుండు కదిలింది. చేతులు కదిలించాయో, పొట్ట తగిలి కదిలిందో తెలియదు.

2 ఫిబ్రవరి

ఈ శరీరం నాకెక్కడిది? మా నాయన కందికట్టెలాగా ఉండేవాడు. నేను కుట్టుమిషను ముందు కూర్చుంటాను, నిజమే. కానీ నాలాగే కూర్చుని కుట్టే పత్తికొండ సాయెబుకు పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. ఇంకొకడు తింటే చెమటవుతుంది. నేను తింటే కొవ్వవుతుంది. గాలి పీల్చినా నడుముకే చేరుతుంది.

మూడేళ్ల కిందట కరువులో గంజి కేంద్రం దగ్గర అందరితోబాటు చిప్ప పట్టుకుని నిలబడ్డాను. గరిటె పట్టుకున్నవాడు నన్ను కిందికీ మీదికీ చూసి, “నీకెందుకప్పా గంజి, నీలో ఇంగొక కరువుకు సరిపోయేంత ఉండాది” అని గరిటె వెనక్కి తీశాడు. వెనకున్న వాళ్లు ఆకలితో ఉండి కూడా నవ్వారు. నాకూ అంతే ఆకలి. లావుపాటివాడి ఆకలిని ఎవరూ నమ్మరు. లావుపాటివాడి ఉపవాసాన్ని దేవుడైనా నమ్ముతాడో లేదో.

జీవమ్మ ఇంకొక సంగతి మోసుకొచ్చింది. ఆడవాళ్లు పొయ్యి వెలిగించేటప్పుడు దేవుని కుండలో వేసే పిడికెడు జొన్నలున్నాయే, అవి నా పొట్టలోకే పోతున్నాయని కింది పేటలో అంటున్నారట. ఆ గింజలు ఒక్కటి ముట్టలేదు నేను. నెలనెలా పాస్టరయ్యగారికి పోతాయి.

“నువ్వేమన్నావు?” అని అడిగాను.

“ఏమంటాను? ముట్టలేదంటి. నమ్మితే గదా.”

“గట్టిగా చెప్పాల్సింది.”

“నా గొంతు నీ మాదిరి పెద్దది కాదులే అయ్యా.”

దీనికి కూడా పొట్టే సాక్ష్యం. నా మీద సాక్ష్యం చెప్పడానికి నా శరీరమే ముందుంటుంది.

5 ఫిబ్రవరి, ఆదివారం సాయంత్రం

బోయ కంబన్న గరిడీకి పోయాను. ఊరి అవతల, చింతకట్టెల దొడ్డి వెనక పిల్లలకు దండీలూ బస్కీలూ నేర్పుతాడు. పదేళ్ల కిందట ఆదోనిలో ఎవడినో పడేశానని చెప్పుకుంటాడు. ఎవరిని అనేది ఒక్కోసారి ఒక్కో పేరు చెప్తాడు. ఆయన తొడిగే చల్లడం లాగులు కుట్టేది నేనే గనుక నడుము ఎంత పెరిగిందో నాకు తెలుసు.

సంతలో ఎద్దును చూసినట్టు నా దండచెయ్యి పట్టి పిసికాడు. “కొవ్వు శానా ఉండాదిరా ఆనందం. దాని కింద కండ ఉండాదో ల్యాదో మీ యేసునే అడగాల.”

నాకు మండింది. “నీకూ పొట్ట ఉండాది గదా కంబన్నా?”

“ఇది పొట్ట కాదురా, చెరువుకట్ట. బలం దీని యెనక నిలబడుంటాది.”

పిల్లలు నవ్వారు. ఈ ఊళ్లో ఎవరు ఎవరి పొట్ట గురించి మాట్లాడినా చివరికి నవ్వు నా మీదే పడుతుంది.

నియమం చెప్పాడు. సంగటి మానాలి. బెల్లం మానాలి. చెనిక్కాయలు నోట్లో వేసుకుంటూ మిషను తొక్కడం మానాలి. గుడ్లు, ఉలవలు, దొరికిన రోజు మాంసం. పొద్దునా సాయంత్రమూ దండీలు, బస్కీలు, ఆ తరువాత ఇసుకమూట.

చివర్లో ఉలవకట్టులో గుడ్డు కొట్టి కలిపి పోశాడు. నన్ను దోసిలి పట్టమన్నాడు. ఎత్తు నుంచి ధారగా పోశాడు, నేను వంగి తాగాను. కొత్త శిష్యుడికి గురువు ఇలా పోయడం గరిడీ రివాజు కాబోలు. మిగతా పిల్లలు చెంబుతో తాగారు. వాళ్లు పాతవాళ్లు.

15 ఫిబ్రవరి, బుధవారం

ఈ రోజుతో శ్రమల దినాలు, ఈస్టరు ముందరి నలభై రోజుల ఉపవాసకాలం, మొదలు. ఈస్టరు దాకా ఎవరి ఇంట్లోనూ ముద్ద ముట్టనని దేవుని ఎదుట ఒట్టు పెట్టుకున్నాను. రెండు పనులు ఒకేసారి అవుతాయి. సంగటి మానినట్టూ అవుతుంది, నేను ఎవరి గింజలూ తినడం లేదని లోకానికి తెలిసినట్టూ అవుతుంది. ఇంత మంచి ఆలోచన నాకే రావాలి.

19 ఫిబ్రవరి, ఆదివారం

కింది పేటలో విశ్వాసమ్మవ్వ ఇంట్లో కుటుంబ ప్రార్థన. ఒంటరి ముసలి ప్రాణం, కూలికి పోతేనే పొయ్యి వెలుగుతుంది. ప్రార్థన అయ్యాక ఆ ఇంట్లో ప్రసంగీకుడు తినడం అలవాటు. జొన్నసంగటి, ఊరిబిండి, ఎండు తునకల పులుసు. వాసన పగవాడిలాగా నా మీదికొచ్చింది. లేచి నిలబడ్డాను.

“కూచో నాయనా, పెట్టినా గదా.”

“వద్దవ్వా. నేను తినకూడదు.”

“ఒక్క ముద్ద.”

“ఒక్క ముద్ద కూడా.”

“మజ్జిగన్నా తాగు.”

“వద్దంటినే.”

ఏసేపూ, మిగతా పేటవాళ్లూ తినకుండా నా వైపే చూస్తున్నారు. నేను తినే దాకా ఎవరూ తినరు, అది వాళ్ల మర్యాద. ఏదో ఒకటి చెప్పాలి గదా అని దానియేలు కథ చెప్పాను. రాజు పెట్టిన భోజనం తిని తనను అపవిత్రం చేసుకోకూడదని దానియేలు ఎట్లా నిశ్చయించుకున్నాడో, కూరగాయలు తిని ఎట్లా అందరికంటే కళగా తేలాడో వివరించాను. అక్కడున్నవాళ్లందరూ చాలా శ్రద్ధగా విన్నారు. ఒక్కరూ దగ్గలేదు. ఇంత నిశ్శబ్దంగా నా మాట వినడం ఈ మధ్య ఇదే.

అవ్వ పళ్లెం తీసి లోపల పెట్టింది.

వచ్చేటప్పుడు వాగు దాటుతూ అనుకున్నాను. మా పేటవాళ్లలో మొట్టమొదట ఆ ఇంట్లో కూర్చుని సంగటి తిన్నవాణ్ణి నేను. పన్నెండేళ్లయింది. మా వాళ్లు నన్ను నెల రోజులు బావి దగ్గరికి రానివ్వలేదు. ఆ ముద్ద మీదే రెండు పేటలకూ ఒక గుడి నిలబడింది, నన్ను పీఠమెక్కించింది కూడా కింది పేటవాళ్లే. ఒకసారి నిరూపించాను గదా. ఇంకా ఎన్నాళ్లు నిరూపించాలి?

27 ఫిబ్రవరి

నూలుదారం తీసుకుని కొలిచాను. దండచెయ్యి లావైంది. వేలు వెడల్పు. స్తోత్రం! అదే దారం నడుముకు చుట్టాను. అక్కడ రెండు వేళ్లు.

కంబన్నకు చెప్తే పళ్లు బయటపెట్టాడు. “చేను తడిపితే పైరూ పెరుగుతాది, కలుపూ పెరుగుతాది. నీ నేల శానా సారమైన నేల లేరా.”

1 మార్చి

కలుపు చంపుదామని మూడు రోజులు నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. ఈ రోజు బస్కీలో కిందికి కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను. ఇద్దరు పిల్లలు గరిడీ వాసం పెట్టి లేపాల్సి వచ్చింది, చేతులు వేసి లేపకుండా.

“తడిపితే రెండూ పెరుగుతాయి, ఎండబెడితే రెండూ సస్తాయి. అంతేరా నీ బతుకు” అన్నాడు కంబన్న. “గుండెత్తాలంటే తిను. పొట్ట సంగతి ఈస్టరైనంక సూసుకో.”

పౌలు తన శరీరాన్ని నలగగొట్టి లోబరచుకున్నానని రాశాడు. పౌలు సన్నటివాడై ఉంటాడు.

4 మార్చి, ఆదివారం

గుడిలో కింది పేటవాళ్లు పలచగా వచ్చారు. కంది కోతలేమో.

ఈ కాలంలో కంది కోతలుండవు. శనగేమో.

7 మార్చి

జీవమ్మతో మాటలు లేవు. కారణం ఇది. వాగు దగ్గర విశ్వాసమ్మవ్వ కనబడి, “మా వల్ల ఏం తప్పు జరిగిందో మీ ఆయన్ను అడిగి చెప్పు బిడ్డా” అందట.

“ఉపవాసమని చెప్పలేకపోయావా?” అన్నాను.

“చెప్తి. ‘కంబన్న వాకిట్లో తాగేది ఉపవాసమా?’ అనె. ఆ దోవన కట్టెలకు పోయినప్పుడు సూసిందంట.”

“అది మందు మాదిరి తాగేది.”

“నన్నెందుకు అరుస్తావు? ఒక పూట పోయి ఆ ముసల్దాని సేతి ముద్ద తినిరా, అయిపోతాది.”

“దేవుని ఎదుట పెట్టిన ఒట్టు!”

“ఒట్టు దేవునితోనా, కంబన్నతోనా?”

ఆ తరువాత నేనన్న మాటలు ఇక్కడ రాయను. ఆమె ఉలవగుగ్గిళ్లు వడ్డించి పోయి వాకిట్లో కూర్చుంది. ఆడదాని నోటికి తాళం వేయమని పౌలు ఊరికే చెప్పలేదు.

11 మార్చి, ఆదివారం

గుండు మోకాలి దాకా వచ్చింది. దేవునికి స్తోత్రం, ఏసేపుకు నాశనం.

రెండో ముక్క కొట్టేశాను.

మళ్లీ రాస్తున్నాను. ఏసేపుకు నాశనం.

18 మార్చి, ఆదివారం

కింది పేట నుంచి ఒక్క మనిషి రాలేదు. గుడిలో ఎడమ పక్క చాపలన్నీ ఖాళీ. ఆ చాపలకే ప్రసంగించాను. గద్దించాను, శపించాను, చాప కదల్లేదు. గుడి విడిచి నేరుగా వాగు దాటాను.

ఏసేపు వాకిట్లో కూర్చుని, బావి నీళ్లు తోడే తోలు కపిలి బాన కుడుతున్నాడు. పెద్ద సూది, తడితోలు వాసన. తల ఎత్తలేదు.

“ఆదివారం పని చేస్తున్నావా?” అన్నాను.

“బావి ఆదివారం అని ఆగదప్పా. కూచో.”

కూర్చోలేదు. “ఎందుకు రాలేదు?”

“యాడికి?”

“గుడికి! నన్ను దించాలని గదా ఈ కట్టుబాటు? ఇంకా రెండు వారాలుంది గుండెత్తడానికి. అంత దాకా ఓపిక పట్టలేవా?”

అప్పుడు సూది ఆపాడు. “గుండు సంగతి నేను యానాడో మరిసిపోతినప్పా. నువ్వు లావుంటే మాకేం, సన్నముంటే మాకేం? ఎగతాళికి ఒక మాట అంటి. నవ్వుకోని ఇంటికి పోతిమి. నువ్వే దాన్ని నెత్తిన పెట్టుకుంటివి.”

“ఎగతాళా! పిడికెడు గింజలు తిన్నానని పేటంతా చాటింది ఎగతాళేనా?”

“అది తప్పే. అన్నోళ్లను నేను తిట్టినా. అంతియొకయలో పేతురు కత నువ్వే గదా మాకు చెప్పినావు?”

ఆ కథ ఏసేపే చెప్పాడు, నేను చెప్పేటట్టే, చెయ్యి తిప్పుతూ, నా గొంతు పెట్టి. “పేతురు మొదట అందరితో కూచోని తినేవాడు. పెద్దింటోళ్లు వచ్చిన్యాంక మెల్లిగా యెనక్కి జరిగె. అప్పుడు పౌలు ముఖం మీదే అడిగె. ఈ కత చెప్తా చెప్తా నువ్వు ఏడ్చినావు ఆ పొద్దు. మేమూ ఏడ్సినాం. ఇప్పుడు విశ్వాసమ్మ పళ్లెం ముందర నిలబడుకోని, అపవిత్రమయిపోతానంటివి.”

“అది దానియేలు కథ! రాజు భోజనం గురించి...”

“ఆ ఇంట్లో రాజు యాడుండాడప్పా? విశ్వాసమ్మ ఉండాది. ఆమె పులుసు ఉండాది.”

“మీరు తప్పుగా అర్థం చేసుకుంటే నేనేం చేసేది?”

“సరే. ఒక్క మాట అడుగుతా. కంబన్న నీకు చెంబు ఇస్తాండాడా?”

“కొత్తవాళ్లకు చేతిలో పోయడం గరిడీ రివాజు.”

ఏసేపు నవ్వుతాడనుకున్నాను. నవ్వితే బాగుండేది, కొట్టేవాణ్ణి.

“రివాజే. ఆ రివాజు మా నాయనకు బాగా తెలుసు. సచ్చిపోయినాడు గానీ, గుంతలో గూడా ఇట్లే దోసిలి పట్టుకోనుంటాడు.” రెండు చేతులూ కలిపి చూపించాడు. తడితోలు మరక అరచేతులంతా. “ఆయప్ప ముందర వంగుతావు, మా ముందర నిలబడతావు. పో అప్పా. ఎండ ఎక్కుతాండాది.”

పొమ్మన్నాడు. నన్ను! వాడికి వాక్యం నేర్పినవాణ్ణి. నేర్పకుండా ఉండాల్సింది.

19 మార్చి

కసరత్తు అయ్యాక కంబన్నను చెంబు అడిగాను.

అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం కూడా రాలేదు, అదే నాకు... సరే. పిల్లల వైపు తిరిగి, “ఇన్యారారా, ఆనందానికి చెంబు కావాలంట” అన్నాడు. నా వైపు తిరిగి, “నీకు కండ కావాల్నా, చెంబు కావాల్నా? ఒకటి చెప్పు” అన్నాడు. గిన్నె ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఉలవకట్టు మీద నురగ.

గుండు అప్పటికి తొడ దాకా వస్తోంది. రెండు వారాలే మిగిలాయి.

చేతులు చాపాను.

20 మార్చి

యేసు కూడా పాదాలు కడగడానికి వంగాడు.

అది వేరు. తెలుసు.

25 మార్చి, మట్టల ఆదివారం

ఈతమట్టలు పట్టుకుని మా పేట ఒక్కటే గుడి చుట్టూ తిరిగింది. ఇంతకుముందు ముందువాళ్లు తిరిగి వచ్చేసరికి వెనకవాళ్లు ఇంకా గుమ్మంలో ఉండేవాళ్లు.

ఆరాధన అయ్యాక మా పేట పెద్ద పుల్లయ్య నా భుజం మీద చెయ్యేశాడు. పన్నెండేళ్ల కిందట నన్ను బావి దగ్గరికి రానివ్వనివాళ్లలో మొదటివాడు. “మంచి పని చేసినావప్పా ఆనందం. నోటితో ఒక మాట అనకుండా వాళ్లను వాళ్ల జాగాలో పెట్టినావు. మాకు చేత కాల్యా ఇన్నేండ్లు. నీ సదువు సదువే.”

అది ఉపవాసమని చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. పుల్లయ్య భుజం ఒత్తి, “బాగా గట్టిపడినావు” అన్నాడు.

చెప్పలేదు. చాలా రోజులకు ఒకరు మెచ్చుకున్నారు.

30 మార్చి, శుభ శుక్రవారం

సిలువ మీద ఏడు మాటలూ చెప్పాను. ఐదో మాట దగ్గర, దప్పిగొన్నాను అన్న చోట, ఆగి తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాను. ఏడ్చాననుకున్నారు. ఎండ.

1 ఏప్రిల్, ఈస్టరు

తెల్లవారుజామున సమాధుల దొడ్డిలో ఆరాధన. మేము పాట ఎత్తుకునేలోపే వాగు అవతల నుంచి డప్పు, తాళాలు, పాట. వాళ్లకు పాట నేర్పినవాడు లేడు, శ్రుతి లేదు, రాగం సాగదీస్తున్నారు. మా పాట దానిలో కొట్టుకుపోయింది. పుల్లయ్య గట్టిగా పాడమన్నాడు. గట్టిగా పాడాం. అయినా వాళ్లదే వినబడింది.

జీవమ్మ పెదవులు వాళ్ల పాటకు కదిలాయి. చూశాను.

2 ఏప్రిల్, సోమవారం

ఎత్తాను.

ముందు అది రాసుకోవాలి. ఎత్తాను. పాస్టరయ్యగారు కుర్చీలో కూర్చుని చూస్తుండగా, రెండు పేటల ముందర. కింది పేటవాళ్లు పాస్టరయ్యగారితో మాట్లాడాలని వచ్చారు. ఏసేపు ముందు నిలబడ్డాడు, విశ్వాసమ్మవ్వ కట్టె పట్టుకుని గోడ నీడలో కూర్చుంది.

అంగీ విప్పలేదు. పొట్ట పోలేదు గదా, విప్పితే మళ్లీ నవ్వుతారని. కాళ్లు ఎడంగా పెట్టాను. మోకాలి దాకా చేతులు తెచ్చాయి. తొడ మీదికి నడుము తెచ్చింది. అక్కడి నుంచి రొమ్ము దాకా తేవడంలోనే అందరూ ఓడిపోతారు, గుండు జారి కిందికే పోతుంది. నాకు జారలేదు. ఎందుకంటే పొట్ట. గుండు వచ్చి పొట్ట మీద కూర్చుంది, అరుగు మీద కూర్చున్నట్టు. ఊపిరి తీసుకుని పట్టు మార్చుకునేంత సేపు అది మోసింది. ఇన్నాళ్లూ నేను తిట్టిన పొట్ట. అక్కడి నుంచి భుజం. ఎముకలు అరిచాయి. భుజం మీద గుండు పెట్టుకుని నిటారుగా నిలబడ్డాను.

మా పేట ఈలలు వేసింది. పుల్లయ్య తువ్వాల ఎగరేశాడు. కంబన్న పొలం గట్టు మీద దూరంగా నిలబడి చూశాడు, గుడి ఆవరణలోకి రాలేదు.

నేను ఏసేపును చూశాను. రెండు నెలలుగా ఈ ఒక్క చూపు కోసం బతికాను. అసూయ ఉంటుందనుకున్నాను. ఓటమి ఉంటుందనుకున్నాను. అతను కళ్ల మీద పడుతున్న ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, అంతే.

“ఎత్తినాడు అయ్యగారూ” అన్నాడు పాస్టరయ్యగారితో. “మాట నిలబెట్టుకున్నాడు. ఈ పీఠం ఆయనదే, మేము అడగం. మా పేటలో మేము కొట్టం ఏసుకుంటాం. నెలకొకసారి వచ్చి ప్రభువు బల్ల, రొట్టే రసమూ, ఇచ్చిపోండి, సాలు.”

పాస్టరయ్యగారు సర్దిచెప్పబోయారు. క్రీస్తు శరీరం ఒక్కటే అన్నారు. కింది పేటవాళ్లు వినయంగా విన్నారు. నన్ను ఒక్క మాట తిట్టలేదు. నేరం చెప్పలేదు. నా పేరు కూడా ఎత్తలేదు. నేను భుజం మీద గుండుతో అక్కడే ఉన్నాను. దించమని ఎవరూ అనలేదు గనుక ఎప్పుడు దించాలో తెలియలేదు.

దించాక నేరుగా గోడ దగ్గరికి పోయాను. “అవ్వా, ఈస్టరు అయిపోయింది. నా ఒట్టు తీరింది. ఈ పూట నీ ఇంట్లో తింటాను.”

అవ్వ లేచి నిలబడింది. నాతో మాట్లాడేటప్పుడు ఆమె ఎన్నడూ లేవలేదు. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

“మా ఇంట్లో ఏముంటాది అయ్యగారూ, మీరు తినేది” అంది.

పన్నెండేళ్లలో నన్ను నాయనా అని తప్ప పిలవలేదు.

3 ఏప్రిల్

భుజం వాచింది. జీవమ్మ ఆముదం రాసింది.

8 ఏప్రిల్, ఆదివారం

కోరహు మీద ప్రసంగం సిద్ధం చేసుకున్నాను. మోషే మీద తిరగబడి వేరుపడిన వాళ్లను భూమి నోరు తెరిచి ఇళ్లతో సహా మింగేసిన కథ. ఇంత పదునైన ప్రసంగం ఈ ఏడాది చేయలేదు. భూమి ఇంకా నోరు మూసుకోకముందే జీవమ్మ లేచింది. కడుపునొప్పి కాబోలనుకున్నాను. గుమ్మం దాటి, గుండు పక్కగా నడిచి, వాగు వైపు దిగింది. అందరూ తలలు తిప్పి చూశారు. నేను గొంతు పెంచాను. ఏం చెప్పానో గుర్తులేదు.

పొద్దు వాలాక వచ్చింది. కుండలో నీళ్లు చూసింది, పొయ్యి ముట్టించింది. నేను మిషను ముందు కూర్చుని ఉన్నాను, దారం ఎక్కించకుండా.

“వాళ్లకు ప్రసంగం ఎవరు చేశారు?” అని అడిగాను.

“ఎవరూ చెయ్యల్యా. పాట పాడిరి. ప్రార్థన చేసిరి. అందరం కూచోని తింటిమి.”

“ఏసేపు నా గురించి ఏమన్నాడు?”

“నీ గురించా?” అంది. పొయ్యి ఊదడం ఆపి, నిజంగానే ఆలోచించింది. నా మీద కోపంతో దాస్తున్న ముఖం కాదది. నాకు మేలు చేయడానికైనా ఒక తిట్టు గుర్తు తెచ్చుకోవాలని చూసింది, పాపం.

“ల్యాదయ్యా” అంది. “ఎవరూ ఏమీ అనల్యా.”